పసుపు గుడ్డ కట్టిన చెట్లు

పాపాఘ్ని పొంగి కమలాపురం దగ్గర వంతెన కూలిన వరద వచ్చిందే, అది పోయాక నాలుగో మాఘంలో జరిగిన మాట ఇది. మాఘమే అయినా ఎండ అప్పుడే వీపు మీద కూర్చుంటోంది.

పోయిన వారం కథను నీళ్ళ తొట్టి దగ్గర ఆపాను. మా తోట యజమాని మౌలా సాహెబ్ వచ్చి, వచ్చే వారం శుక్రవారం నమాజు అయినాక జేసీబీ వస్తుందని, ఆపిల్ చెట్లు యాభై పెరికించి ఆ జాగాలో చీనీ, అంటే బత్తాయి, పెడతానని చెప్పి, నా జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. అది మంగళవారం. చెట్లన్నీ పూత మీద ఉన్నాయి. రెండేళ్ళుగా అవి పూస్తున్నాయి, రాలుస్తున్నాయి, ఒక్క పిందె కూడా నిలబెట్టడం లేదు. ఎందుకు నిలబెట్టడం లేదో నాకు తెలుసు. తెలిసి రెండేళ్ళు నోరు మెదపలేదు.

మొదటి నుంచి చెప్తాను, ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళు కూడా ఉంటారు.

నా పేరు మద్దిలేటి, మౌలా సాహెబ్ చీనీ తోటలో ఇరవై రెండేళ్ళుగా పని చేస్తున్నాను. అంట్లు కట్టడం, నీళ్ళు పెట్టడం, కాపలా, అన్నీ నావే. ఆయనకు ఒక్కతే కూతురు, ఫిరోజా. అల్లుడు అక్రమ్ కువైట్‌లో ఉంటాడు. ఫిరోజా తండ్రి దగ్గరే ఉండి తోట చూసుకుంటుంది. నన్ను పెద్దనాయనా అంటుంది. వేడికి తట్టుకునే ఆపిల్ రకాలు ఉన్నాయని ఆమె ఫోన్‌లో చూసి, ఆత్మకూరులో నర్సరీ పెట్టుకున్న వసంతకుమార్ అనే అబ్బాయితో మాట్లాడి అరవై మొక్కలు తెప్పించింది. అతనే మొక్కలతో పాటు వచ్చి, రెండు రోజులు మా షెడ్డులో పడుకుని, ఒక్కో గుంత తన చేత్తో పూడ్చి పోయాడు. వరదకు ఆరు నెలల ముందు నాటినవి. మిట్ట నేల కాబట్టి నీళ్ళు నిలవలేదు, బతికాయి. చూడడానికి వచ్చినవాళ్ళు నవ్వారు. చెట్టుకొక ఏసీ పెట్టిస్తావా సాహెబూ అని మా ఊరి మారెన్న అన్నాడు.

ఆపిల్‌కు చలి కావాలి. మా దగ్గర చలి లేదు కాబట్టి, చలికాలం వచ్చిందని చెట్టును మేమే నమ్మించాలి. డిసెంబరులో నీళ్ళు ఆపేస్తాం. ఆకు దానంతట అది రాలదు, మేమే ఒక్కొక్కటీ చేత్తో దూసేస్తాం. చెట్టు మోడై మూడు వారాలు నిద్రపోతుంది. మళ్ళీ నీళ్ళు వదిలితే మొగ్గ వస్తుంది. మొదటిసారి నేనూ ఫిరోజా నాలుగు రోజులు ఆకు దూశాం. నా భార్య ఓబులమ్మ అన్నం తెచ్చి, ఆ చెట్లను చూసి, పసిబిడ్డల గుడ్డలిప్పి ఎండలో నిలబెట్టినట్టుందని మమ్మల్ని తిట్టింది.

ఇక నేను చేసిన పని.

చీనీ చెట్టు సొంత వేరు మీద ఉండదు. జంబేరి అనే పుల్లటి అడవి నిమ్మ మొక్క మీద చీనీ కన్ను, అంటే చిగురు మొగ్గ, కడతాం. కన్ను అతుక్కున్నాక కూడా కింద జంబేరి ఊరుకోదు. చిగురేసి లేస్తుంది. చూడకుండా వదిలితే పైనున్న చీనీని చంపి తానే చెట్టయి కూర్చుంటుంది. అలాంటి చెట్టు కనబడితే రైతు దానికి ఒక గుడ్డపేలిక కట్టి వెళ్తాడు. గుడ్డ ఉన్న చెట్టును పనివాడు మారుమాట లేకుండా కొట్టేస్తాడు. మా తోటల్లో అది పద్ధతి.

వరద పోయిన రెండో మాఘంలో ఆపిల్ చెట్లు మొదటిసారి పూశాయి. అప్పుడు మౌలా సాహెబ్ నలభై రోజులు జమాత్‌తో మసీదులు తిరగడానికి పోయి ఉన్నాడు. ఆయన భార్య జైనాబ్ బీకి కడప ఆసుపత్రిలో ఆపరేషను అయితే ఫిరోజా ఆమె దగ్గర ఉంది. తోటలో నేనొక్కణ్ణే. అరవైలో పది చెట్లు మిగతావాటికన్నా మూడు రోజులు ముందు పూశాయి. ఆకు లేత, కొమ్మ సన్నం, పువ్వు తెల్లన. మిగిలిన యాభైలో మొగ్గ గులాబీ రంగు. ఆ పదీ ఒకచోట లేవు, ఐదు చెట్లకు ఒకటి చొప్పున అక్కడక్కడా ఉన్నాయి. పదింటికీ మొదలు దగ్గర పసుపు గుడ్డ కట్టి ఉంది. నాటిన రోజే వసంతకుమార్ కట్టిపోయాడు, ఎందుకని మేమెవరమూ అడగలేదు.

అంటు చచ్చి, కింది అడవి మొక్క లేచిందనుకున్నాను. అబ్బాయి గుర్తు పెట్టిపోయాడు, కొట్టాల్సిన పని నాది అనుకున్నాను. ఫోన్ చేసి అడగవచ్చు. అతని నంబరు షెడ్డు తలుపు మీద బొగ్గుతో రాసి ఉంది. నలభై ఏళ్ళుగా చెట్ల మధ్య బతికినవాణ్ణి, ముప్పై దాటని పిల్లవాణ్ణి అడగాలా అనిపించింది. పది చెట్లూ ఒక్క పూటలో నేలమట్టానికి కొట్టేశాను. మంచి పని చేశానని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

మౌలా సాహెబ్ తిరిగొచ్చి మొద్దుల ముందు నిలబడి, ఎవరు కొట్టమన్నారని అడిగాడు. ఆయన మొహం చూశాక నిజం చెప్పడానికి భయమేసింది. "వసంతకుమార్ చెప్పినాడు," అన్నాను.

మూడో రోజు ఆ అబ్బాయి ఆత్మకూరు నుంచి బండి మీద వచ్చాడు. రోడ్డు మీది టీ అంగడిలో అందరి ముందు చెప్పాడు. ఆ పది చెట్లు పుప్పొడి కోసం పెట్టినవని, అవి పక్కన పూస్తేనే ఈ యాభైకి కాయ నిలుస్తుందని, వాటిని కొట్టమని తానెందుకు చెప్తానని. అందరూ నా వైపు చూశారు. నేను గ్లాసులోని టీ వైపు చూశాను. ఇరవై ఏళ్ళలో మద్దిలేటన్న తనతో ఒక్క అబద్ధం ఆడలేదని మౌలా సాహెబ్ అన్నాడు. మాట అక్కడితో తెగిపోయింది. పుప్పొడి సంగతి కూడా తప్పించుకోవడానికి అల్లిన కథ అనుకున్నారు. ఆ అబ్బాయి టీ తాగకుండానే బండి తిప్పుకుని పోయాడు.

అప్పటికప్పుడు చెప్పాల్సింది. ఆ సాయంత్రమైనా చెప్పాల్సింది. రోజులు పోయేకొద్దీ మాట బరువెక్కింది.

ఇప్పుడు మళ్ళీ ఈ మాఘానికి వస్తాను. జేసీబీ మాట విన్న మరుసటి రోజు, బుధవారం పొద్దున నేను తోటకు పోయేసరికి ఫిరోజా అప్పటికే చెట్ల మధ్య ఉంది. చేతిలో పిల్లలు బొమ్మలకు రంగులేసే బ్రష్షు. కొంగు నడుముకు దోపుకుని, ఒక పువ్వులో బ్రష్షు తిప్పి, ఇంకో చెట్టు దగ్గరకు పోయి అక్కడి పువ్వులో తిప్పుతోంది.

"తేనెటీగలు శానా తగ్గినాయి పెద్దనాయనా. పక్క తోటోళ్ళు మందు కొట్టి చంపినారు. అందుకే నేనే తేనెటీగనయినా," అని నవ్వింది.

తండ్రితో రాత్రి మాట్లాడిందట. ఈ పూతకు పది పిందెలు నిలిచినా జేసీబీని పంపించేస్తానని ఆయన ఒప్పుకున్నాడట. ఆపైన ఈ చెట్లు పెరికిస్తానని ఆయన ఇక అనకూడదని ఆమె మాట తీసుకుందట. పూత ఇంకా మూడు రోజులు ఉంటుంది, ఈలోగా ఎన్ని పువ్వులకు వీలైతే అన్నింటికీ పుప్పొడి అంటిస్తానంది. నాకు కూడా ఒక బ్రష్షు ఇచ్చింది.

నేను దాన్ని పట్టుకుని నిలబడ్డాను. ఆమె ఒక గులాబీ మొగ్గ చెట్టు పుప్పొడి తీసి ఇంకో గులాబీ మొగ్గ చెట్టుకే రాస్తోంది. యాభై చెట్లూ ఒకే రకం. ఏడాదంతా రాసినా ఒక్క పిందె నిలవదు. అది నాకు తెలుసు, ఆమెకు తెలియదు. ఆమె మునివేళ్ళ మీద లేచి పై కొమ్మ వంచుతోంది, చేతులు గీరుకుపోతున్నాయి, మెడ మీద ఎండ పడుతోంది. పదకొండు చెట్లయ్యేసరికి మధ్యాహ్నమైంది. కూర్చుని నీళ్ళు తాగి, ఇంకా ముప్పై తొమ్మిది అని లేచింది.

"ఆపమ్మా," అన్నాను.

ఎందుకని అడిగింది.

"ఆ పది చెట్లు కొట్టమని నాకెవరూ చెప్పలేదు."

ఆమె ఇంకో రెండు పువ్వుల్లో బ్రష్షు తిప్పింది. మూడో పువ్వు దగ్గర చేయి ఆగిపోయింది.

"వసంతకుమార్ చెప్పినాడని అన్నావే."

"అన్న్యా."

"చెప్పలేదా?"

"ఆ పిల్లోడు ఆ మాటే ఎత్తలేదు. గుడ్డ కట్టింటే జంబేరి లేచిందనుకున్యా. నా అంతట నేనే కొట్టినా. మీ అబ్బా అడిగితే అబద్ధం చెప్పినా."

ఆమె అక్కడే, డ్రిప్పు పైపు పక్కన, మట్టిలో కూర్చుంది. జంబేరా, అని ఒకసారి తనలో తాను అనుకుంది. నేను నిలబడే ఉన్నాను.

"ఆ పొద్దే చెప్పింటే ఏమయ్యేది పెద్దనాయనా? తిట్టేదాన్ని. మళ్ళా పది మొక్కలు తెప్పించేదాన్ని. ఈ పాటికి అవి కూడా పూసేటివి. అంతే గదా."

అంతే. నేను రెండేళ్ళు మోసింది అంత చిన్నది. ఆ మాట విన్నాక నాకు ఇంకా సిగ్గేసింది.

అప్పుడు ఆమె ఫోన్ తీసి ఒక బొమ్మ చూపింది. నేను కొట్టిన మొద్దుల ఫోటో. కింద ఏదో రాసి ఉంది. నేను కూడబలుక్కుని చదువుతుంటే, ఆగలేక తనే చదివింది. ఆత్మకూరు వసంతకుమార్ దగ్గర ఎవరూ మొక్కలు కొనవద్దు, దొంగ మొక్కలు అమ్మి, బయటపడకుండా తనే కొట్టించేశాడు అని. ఆపిల్ పెంచే రైతులు నాలుగు వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో ఆమె రెండేళ్ళ కిందట పెట్టిందట. ఆ అబ్బాయి కింద ఒకే ఒక్క మాట రాశాడు, నేను చెప్పలేదు అని. తర్వాత గ్రూపు నుంచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత అతని దగ్గర మొక్కలు కొన్నవాళ్ళు లేరు. పోయిన ఏడాది నర్సరీకి నీడ పట్టిన పచ్చ వల పీకేసి, ఎవరిదో ట్రాక్టరు తోలుతున్నాడని ఆమె విన్నది.

"నీ మాట నమ్మి నేను రాసినా. ఒక్క మనిషి బతుకు మీద రాసినా," అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఫోన్ నా నోటి దగ్గర పెట్టింది. గ్రూపులో అందరూ వినేలా నా గొంతుతో చెప్పమంది. మా అబ్బా కూడా అందులో ఉన్నాడు, ఆలోచించుకుని చెప్పు అంది.

నేను మాట్లాడే మనిషిని కాను. పెళ్ళిలో కూడా నాలుగు మాటలు మాట్లాడి ఉండను. ఆమె బొత్తాం నొక్కి పట్టుకుంది. కాసేపటికి వదిలేసింది. ఆమె దాన్ని వినిపిస్తే మోటారు చప్పుడు, ఎక్కడో ఒక కాకి, నా ఊపిరి, అంతే ఉన్నాయి. చెరిపేసి మళ్ళీ పెట్టింది. ఈసారి, చెట్ల విషయంలో పొరపాటు జరిగింది, వసంతకుమార్ తప్పు లేదు అన్నాను.

ఆమె పంపలేదు. చెరిపేసింది.

"పొరపాటు దానంతట అది జరిగిందా?"

మూడోసారి నేనే ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. నా పేరు చెప్పాను. ఊరు చెప్పాను. "ఆ పది చెట్లు నేను కొట్టినా. పిల్లోడు కొట్టమనలేదు. నేను అబద్ధం చెప్పినా. ఫిరోజమ్మకు తెలీదు, ఆమె నా మాట నమ్మింది. ఆ పిల్లోని మొక్కలు మంచివి," అన్నాను. ఇంకేమైనా ఉందా అని ఆమె కళ్ళతో అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. ఆమె దాని కింద తన మాటగా క్షమాపణ రాసి, రెండూ కలిపి పంపింది.

వసంతకుమార్ గ్రూపులో లేడు. వినడు. ఆమె అతని నంబరుకు ఫోన్ చేసింది. మోగలేదు, ఆమె నంబరును ఎప్పుడో బ్లాక్ చేసేశాడు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని చెట్ల వైపు చూసింది.

మళ్ళీ ఫోన్‌లో ఏదో వెతికి, మొక్కలు పెరిగే టైము ఇప్పుడు లేదు, కొమ్మలతో పని జరుగుతుంది అంది. తెల్ల పూత ఉన్న కొమ్మలు కోసుకొచ్చి, నీళ్ళ బకెట్లలో నిలబెట్టి, చెట్ల మధ్య పెడితే చాలట. మిగిలిన నాలుగు తేనెటీగలు ఆ పూలకూ ఈ పూలకూ తిరుగుతాయి, తక్కువ పడితే తన బ్రష్షు ఉంది. ఆ రకం ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు. అంట్ల కోసం పెంచుకున్న తల్లి చెట్లు వసంతకుమార్ ఇంటి దగ్గర నాలుగు ఉండేవి. ఉన్నాయో, వాటిని కూడా పీకేశాడో తెలియదు.

నేను పోతానన్నాను.

పొద్దు గుంకుతుండగా మౌలా సాహెబ్ వచ్చాడు. టీ అంగడిలో ఎవరో ఫోన్ పైకెత్తి వినిపించారట, నలుగురి మధ్య కూర్చుని విన్నాడట. మనిషి నా ముందు నిలబడి నా మొహం చూడలేదు. షెడ్డు తలుపు మీద చెరిగిపోయిన బొగ్గు అంకెల వైపు చూస్తూ మాట్లాడాడు.

"ఆ పొద్దు అంగట్లో నీ మాట మీద నా మాట పెట్టినా మద్దిలేటన్నా. నువ్వు పక్కనే కూసోని టీ తాగితివి."

ఆయన చేయి చాచాడు.

"షెడ్డు తాళంచెవి ఇయ్యి."

మొలతాటికి కట్టుకున్న తాళంచెవి విప్పడానికి చాలాసేపు పట్టింది. ముడి బిగుసుకుపోయింది. ఆయన ఓపికగా నిలబడ్డాడు. ఇచ్చాను. పూత ఇంకా మూడు దినాలుంది అబ్బా, అని ఫిరోజా వెనక నుంచి అంది. శుక్రవారం మాట శుక్రవారమే అని ఆయన వెళ్ళిపోయాడు.

ఇంటికి పోయేసరికి ఓబులమ్మకు తెలిసిపోయింది. మా వీధిలో మూడు ఫోన్లలో నా గొంతు వినిపించిందట. ముద్ద ముందు పెట్టి, "రెండేండ్లుగా నిద్దట్లో పళ్ళు నూరుతాండావు. కడుపులో పురుగులనుకున్యా," అంది. తర్వాత, కొమ్మలు వాడిపోకుండా చుట్టే గోనె పట్టా ఒకటి తడిపి, మడిచి, సంచిలో పెట్టింది. ఎక్కడికి పోతున్నానో నేను ఆమెకు చెప్పలేదు, ఫిరోజా చెప్పి ఉండాలి.

మరునాడు మొదటి బస్సు ఎక్కాను. కడపలో దిగి నంద్యాల బస్సు, నంద్యాలలో ఆత్మకూరు బస్సు. దారంతా కిటికీలోంచి వేడిగాలి కొడుతోంది. ఆ గాలికి మా తోటలో ఎన్ని రెక్కలు రాలాయో అని లెక్క వేసుకుంటూ కూర్చున్నాను. ఆత్మకూరులో దిగి, నర్సరీ వసంతకుమార్ ఇల్లు ఎక్కడని అడిగితే, నర్సరీ ఎప్పుడో ఎత్తేశాడుగా అన్నాడు అరటిపండ్ల బండాయన, దారి చూపిస్తూ.

ఊరి చివర ఇల్లు. ఇనుప గేటు. లోపల వల పీకేసిన ఇనుప స్తంభాలు వరసగా నిలబడి ఉన్నాయి, వాటి కింద మట్టి నిండిన నల్ల సంచులు ఎండి చిట్లిపోయాయి. గోడ పక్కన ఒకే ఒక్క ఆపిల్ చెట్టు. నిండా తెల్లటి పూత. ఒక కొమ్మ గోడ దాటి వీధిలోకి, నా తల మీదికి వంగింది. దాని మీద తేనెటీగలు గుంపుగా తిరుగుతున్నాయి.

లోపల ఒకామె మెట్టు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. మా షెడ్డులో ఉన్నప్పుడు అతను పేరు చెప్పిన భార్య ఆరాధన ఆమే అయి ఉంటుంది. వసంతకుమార్ ఉన్నాడా అమ్మా అని గేటు బయట నుంచి అడిగాను.

ఆమె చేతులు ఆగాయి. లేచి గేటు దాకా వచ్చింది, గడియ మీద చేయి వెయ్యలేదు.

"ఆ గొంతు నాకు తెలుసు," అంది. "రాత్రి ఎవరో పంపిస్తే పదిసార్లు విన్నాం."

నేను చేతులు కట్టుకున్నాను.

"ఆయన తెల్లారకముందే బండెత్తుకోని మీ ఊరికి పోయినాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఫోన్ ఈడనే పడేసి పోయినాడు. రాత్రంతా కన్ను మూయలేదు ఆ మనిషి. ఆడ ఏం చేస్తాడో ఏమో నాకు భయంగా ఉండాది."

మా ఊళ్ళో ఇప్పుడు ఆ అబ్బాయికి ఎదురయ్యేది మౌలా సాహెబో, ఫిరోజానో. నేను లేను. వెనక్కి పోదామంటే చేరేసరికి సాయంత్రం. పువ్వు లేకుండా పోయినా లాభం లేదు.

కొమ్మ నా చేతికి అందేంత దగ్గరలో ఉంది. నాలుగు కోతలు చాలు. వీధి మీదికి వచ్చిన కొమ్మ, ఎవరూ కాదనరు. ఆమె నా చేతి వైపు చూస్తోంది. కోస్తానేమోనని చూస్తోంది.

సంచిలోంచి కొమ్మల కత్తెర తీశాను. వంగి, గేటు కింద నుంచి, పిడి ఆమె వైపు ఉండేలా లోపలికి తోశాను. తర్వాత వీధిలో, ఎండలోనే, గేటుకు ఎదురుగా కూర్చున్నాను.